మిరప పొగకు దగ్గని మనిషి

ముందే చెబుతున్నాను... ఇది కొట్లో చెప్పే మాట కాదు.

చీరాలలో బట్టల కొట్లో పనిచేసే మనిషిని. రోజంతా అబద్ధాలే చెబుతాను. రంగు పోదమ్మా అంటాను. ఉతికితే ముడుచుకోదు అంటాను. ఈ డిజైనులో ఇదే ఆఖరి పీసు అంటాను. లోపల బీరువా నిండా అవే ఉంటాయి. అది నా ఉద్యోగం. ఇది మాత్రం జరిగింది. నా పక్కనే జరిగింది. మీరు నమ్మితే నాకు కమీషనేమీ రాదు. కాబట్టి మధ్యలో నవ్వకుండా వినండి.

మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. శీను. వాళ్లది ప్రకాశం జిల్లా, కనిగిరి వైపు ఒక పల్లె. రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడవాలి. బోరు కింద మిరప వేస్తాడు. మాటకారి. నవ్వితే పక్క వీధికి వినపడుతుంది. నాకు బామ్మర్దే కానీ, సొంత తమ్ముడికంటే ఎక్కువ.

ఏటా చలికాలంలో వాళ్ల ఊరు వెళ్తాను. చలికాలంలోనే ఎందుకంటే ఈత కల్లు అప్పుడే బాగుంటుంది. ఊరి బయట శీను మిరప చేను. చేను దాటగానే సుబాబుల్ తోట. పేపరు మిల్లులకు అమ్మడానికి వేసిన తోటలు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఇప్పుడు అడవిలా అయ్యాయి. మధ్యలో బండి దారి ఒకటి. తోట దాటితే వాగు. వాగు గట్టున ఈత చెట్లు, వాటి కింద కోటేశు కల్లు పాక. పొద్దుగూకే వేళ మేమిద్దరం కబుర్లు చెప్పుకుంటూ ఆ తోటలోంచి నడిచి పాక దగ్గరికి వెళ్లేవాళ్లం. చెరో రెండు ముంతలు తాగి, గుగ్గిళ్లు తిని వచ్చేవాళ్లం. మా ఆవిడ దెప్పుతూనే ఉండేది, మీరు వెళ్లేది నా తమ్ముడి కోసమా, కోటేశు కోసమా అని.

ఆ ఏడు మాత్రం ఆమే నన్ను తరిమింది.

"వాడి గొంతు బాగాలేదండీ. ఫోన్లో నవ్వుతున్నాడు గానీ అది వాడి నవ్వు కాదు. ఒకసారి కళ్లారా చూసి రండి" అంది.

సంగతి నాకూ తెలుసు. మిరప మీద నల్ల తామర పురుగు పడింది. పూత నిలవదు, ఆకు ముడుచుకుపోతుంది. ఊళ్లో చాలామంది విసుగొచ్చి మొక్కలు పీకేశారు. శీను పీకలేదు. రోజు మార్చి రోజు మందు కొడుతూనే ఉన్నాడు. అంతకు ముందు ఏడు కూడా పంట పోయింది. వాణ్ణి చూసి, నాలుగు మాటలు చెప్పి, వీలైతే నాతో పాటు చీరాల తీసుకొచ్చి కొన్నాళ్లు ఉంచుకుందామని బయలుదేరాను. అదీ నేను వెళ్లిన పని.

నేను ఊరు చేరేసరికి పొద్దు వాలింది. శీను భార్య పద్మ గుమ్మంలో ఉంది. నాకు చెల్లెలి వరస. మంచినీళ్లు ఇచ్చి, "ఆయన పొద్దుటినుంచీ చేలోనే ఉన్నాడు అన్నయ్యా. మీరొస్తే నేరుగా పాక దగ్గరికి రమ్మన్నాడు. అక్కడే కలుస్తాడంట" అంది.

"అన్నం తిన్నాడా?"

"క్యారేజీ పట్టుకెళితే గట్టు మీద పెట్టి పొమ్మన్నాడు. ఈ మధ్య నాతో మాట్లాడేదే తక్కువ. మీరన్నా చెప్పండి, ఆ మొక్కలు పీకేయమని."

చెబుతాలేమ్మా అని బయలుదేరాను.

అప్పటికి చీకటి ఇంకా పడలేదు గానీ మంచు దిగింది. చలికాలంలో అక్కడ మంచు పైనుంచి రాదు. నేలలోంచి లేచినట్టు వస్తుంది. చేలన్నీ మోకాళ్ల దాకా తెల్లగా ఉన్నాయి. ఊరి చివర గేదెలు ఇంటికి వస్తున్నాయి. వాటి మెడల్లో గంటలు వినపడుతున్నాయి... తర్వాత అవీ ఆగిపోయాయి.

శీను చేను పక్కనే దారి. చేలోకి తొంగి చూశాను. మిరప మొక్కలు వంగిపోయి ఉన్నాయి. మనిషి కనపడలేదు. కేకేద్దామని నోరు తెరిచాను. అప్పుడు చూశాను. శీను చేలో లేడు. ముందు, తోట మొదలయ్యే చోట, మొదటి చెట్ల వరస కింద నిలబడి ఉన్నాడు. అటు తిరిగి ఉన్నాడు. తలకు కండువా.

"ఏరా, పాక దగ్గర ఉంటానన్నావంటగా" అన్నాను.

"పద బావా" అన్నాడు. ఇటు తిరగలేదు.

వాడి గొంతే. అందులో అనుమానం లేదు. కాస్త బొంగురు. చలికి అనుకున్నాను.

"ఉండరా, చేను చూసి పోదాం. కాయ ఎట్టుందో చూస్తాను."

"చూడ్డానికేముంది బావా. నడువు."

నడవడం మొదలుపెట్టాడు. నేను వెనక. తోటలోకి వెళ్లగానే వెలుతురు సగమైపోయింది. సుబాబుల్ చెట్లు తెలుసు కదా... సన్నగా, పొడుగ్గా, పక్కపక్కనే. పైన ఎండిపోయిన కాయలు. గాలి వస్తే గలగలమంటాయి. ఆ రోజు గాలి లేదు. అయినా ఎక్కడో ఒక చెట్టు గలగలమంటోంది. ఆగుతోంది. మళ్లీ ఇంకో చెట్టు. ఉడత అయి ఉంటుందనుకున్నాను. ఇప్పటికీ ఉడతే అనుకుంటున్నాను.

మా వృత్తిలో మనిషి మొహం కంటే ముందు గుడ్డ చూస్తాం. శీను వేసుకున్నది నేను పోయినసారి పెట్టిన చొక్కా. లేత నీలం, సన్న గీతలు. మా కొట్లోదే. మడతలు మడతల్లాగే ఉన్నాయి. వీపు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, ఇప్పుడే కవరులోంచి తీసినట్టు.

"చేలోకి కొత్త చొక్కా ఏందిరా? మందు కొట్టేవాడివి?"

"వేసుకోవాలనిపించింది బావా. ఇంకెప్పుడు వేసుకుంటాను."

ఆ మాట నాకు అప్పుడేమీ తేడాగా వినపడలేదు. పెడసరం మాటలు వాడికి మామూలే. ఒకటి మాత్రం గమనించాను. రోజంతా పురుగుమందు కొట్టినవాడి పక్కన నడిస్తే ముక్కు పగిలిపోతుంది. స్నానం చేసినా వదలని కంపు అది. శీను దగ్గర ఏ వాసనా లేదు. మంచి వాసన లేదు, చెడ్డ వాసన లేదు. స్నానం చేసి వచ్చాడనుకున్నాను. చూశారా, మనిషి ఎంత తేలిగ్గా సర్దుకుంటాడో.

మా ఆవిడ చెప్పమన్నవి చెప్పడం మొదలుపెట్టాను. చీరాల రారా, కొన్నాళ్లుండు, మా కొట్లో సాయంగా ఉందువు గాని, పంట పోతే పోయింది, మనిషివి ఉంటే మళ్లీ వేస్తావు... ఇలాంటివే. వాడు నడుస్తున్నాడు. నేను ఆగితే ఆగుతున్నాడు. నేను కదిలితే కదులుతున్నాడు.

ఒకసారి వెనక్కి తిరిగాను. ఎందుకో చేను వైపు ఎవరో మూలిగినట్టు అనిపించింది.

"వెనక ఏం లేదు బావా" అన్నాడు, ముందుకే చూస్తూ. "నడువు. కోటేశు పాక కట్టేస్తాడు."

నేను వెనక్కి తిరిగింది వాడు ఎట్లా చూశాడని అప్పుడు తట్టలేదు.

ఇంకాస్త దూరం పోయాక... ఘాటు.

తోట అవతల ఎవరో పీకేసిన మిరప మొక్కలు కుప్ప పోసి, కాయలతో సహా తగలబెట్టారు. మంచు పడుతుంటే పొగ పైకి పోదు. ఆ చెట్ల మధ్యకు వచ్చి అక్కడే కూర్చుంది. మీకు తెలియంది కాదు, పోపులో రెండు ఎండుమిరపకాయలు మాడితేనే ఇల్లంతా లేచి వీధిలోకి పరిగెడుతుంది. ఇది మొత్తం చేను. ముందు గొంతులో గీరినట్టయింది. తర్వాత ముక్కు. తర్వాత కళ్లు. దగ్గు మొదలైతే ఆగదు. ఒంగిపోయాను. ఒక చెట్టు పట్టుకున్నాను. చొక్కా ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఊపిరి అందలేదు.

దగ్గీ... దగ్గీ... ఎప్పటికో కాస్త తెరిపిచ్చింది.

కళ్లు తుడుచుకుని చూశాను.

శీను నా ముందు నిలబడి ఉన్నాడు. పొగ చిక్కగా ఉన్న చోటే. కదలకుండా. భుజాలు కదలడం లేదు. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. చేతులు రెండూ కిందికే ఉన్నాయి. పొగ వాడి మొహం మీదికి వస్తోంది... పోతోంది... వాడు అట్లాగే ఉన్నాడు.

మన ఇళ్లలో దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తారు కదా. ఘాటు రాకపోతే, అబ్బో గట్టి దిష్టే తగిలింది అంటారు. అది గుర్తొచ్చింది. నాకు నవ్వు కూడా వచ్చింది.

"ఏరా, నీకు దిష్టి గట్టిగా తగిలినట్టుందే. ఘాటే రావట్లేదు" అన్నాను.

పైన కాయలు ఒకసారి గలగలమన్నాయి.

"నాకెందుకొస్తుంది బావా" అన్నాడు.

అంతే అన్నాడు. కోపం లేదు, బాధ లేదు. టైమెంతయింది అంటే చెప్పినట్టు చెప్పాడు. నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎందుకో నాకే తెలియదు. మిరప రైతు కదా, అలవాటైపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఘాటు ఎవరికీ అలవాటు కాదు. అరవై ఏళ్లు మిరప పండించిన ముసలివాళ్లు కూడా దగ్గుతారు. అది నాకు తెలుసు. తెలిసీ అట్లా చెప్పుకున్నాను.

తోట అయిపోయింది. పాక ముందు బల్బు కనిపించింది. ప్రాణం కుదుటపడింది. పాక బయట నీళ్ల డ్రమ్ము ఉంటుంది. శీను అక్కడ ఆగాడు.

"నువ్వు పో బావా. కాళ్లు కడుక్కుని వస్తా."

లోపలికి వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. ఆ వేళకు ఇంకెవరూ లేరు. కోటేశు ఒక్కడే మూల కూర్చుని ముంతలు తుడుస్తున్నాడు. పెద్దాయన. ఊరి అల్లుణ్ణని మర్యాదగా లేచాడు.

"రండి అల్లుడుగారూ. మీ కల్లు లొట్టి తీసి పక్కన పెట్టాను."

"రెండు ముంతలు పొయ్యి. మా శీను బయట కాళ్లు కడుక్కుంటున్నాడు."

కోటేశు చేయి ఆగింది.

"శీనయ్యా? వస్తానన్నాడా మీతో?"

"వచ్చాడయ్యా. ఇద్దరం కలిసే వచ్చాం. ఏం?"

"ఏం లేదండి. పొద్దున నేను చెట్టు దిగేసరికి కింద నిలబడి ఉన్నాడు. సాయంత్రం మా బావొస్తాడు, మంచి లొట్టి ఒకటి పక్కన పెట్టు అన్నాడు. నువ్వు రావా అన్నాను. నవ్వాడండి. ఆయనొక్కడే వస్తాడులే, తాగాక తోటలోంచి పంపమాక, నీ బండి మీద ఎక్కించుకుని రోడ్డు మీదుగా ఇంటి దగ్గర దింపు అన్నాడు."

ఆ మాట నా లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. రోడ్డు మీదుగా వెళ్తే శీను చేను దారిలో తగలదు.

బయటికి వచ్చాను. డ్రమ్ము దగ్గర ఎవరూ లేరు. డ్రమ్ము మీద మూత మూసే ఉంది. మూత మీద మంచు నీటిచుక్కలు... ఒక్క చుక్క కూడా చెదరలేదు. కింద మట్టి పొడిగా ఉంది.

శీనూ అని పిలిచాను. గట్టిగా పిలిచాను. తోటలోంచి ఏమీ రాలేదు. కాయలు కూడా కదల్లేదు.

అప్పుడు నాకు పొగ గుర్తొచ్చింది. పొగలో నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. మనిషన్నవాడు దగ్గుతాడు. ఊపిరి పీల్చేవాడైతే దగ్గుతాడు.

"కోటేశూ, బండి తియ్యి. శీను చేలోకి పోవాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పాపం, ఆయన ఎందుకని అడగలేదు. తోటలోంచే తోలాడు. పొగలో మళ్లీ ఇద్దరం దగ్గాం. ఆయన దగ్గుతుంటే నాకు ధైర్యంగా అనిపించింది. ఎవరన్నా దగ్గుతుంటే అంత సంతోషించింది జీవితంలో అదొక్కసారే.

చేను మధ్యలో ఉన్నాడు శీను. మిరప సాళ్ల మధ్య, బోర్లా. వీపు మీద మందు కొట్టే ట్యాంకు అట్లాగే ఉంది. నోట్లోంచి నురగ. ఒళ్లంతా చెమట, అంత చలిలో. కంపు. ఒంటి మీద చిరిగిన పాత బనీను. గట్టు మీద మందు డబ్బా, మూత తీసి ఉంది. దాని పక్కన క్యారేజీ, మూత తీయలేదు.

ఊపిరి ఉంది. సన్నగా ఉంది.

తర్వాతదంతా పరుగే. ఒళ్లు కడిగాం, అంబులెన్సు వచ్చింది, టౌన్లో ఆసుపత్రి. డాక్టరు అడిగాడు, "కొడుతుంటే ఒంటి మీద పడి సోకిందా, తాగాడా?" అని. పద్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు. "తెలియదండీ. రెండిటికీ చూడండి" అన్నాను. డాక్టరు ఇంకేమీ అడగకుండా లోపలికి పోయాడు. కొన్ని రోజులు ఇటా అటా అన్నట్టు ఉంది. మా ఆవిడ ఆసుపత్రి వరండాలోంచి కదల్లేదు. చివరికి శీను బతికాడు. కాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

వాణ్ణి ఇంటికి తెచ్చిన రోజు పద్మ బీరువాలోంచి బట్టలు తీస్తుంటే చూశాను. నీలం చొక్కా కవరులోనే ఉంది. కాలరు కింద అట్ట, గుండుసూదులు, అన్నీ నేను ఇచ్చినట్టే ఉన్నాయి. సూది తీసి మళ్లీ గుచ్చితే గుడ్డ మీద రెండో బెజ్జం పడుతుంది. నా పని అదే కదా, తీసి చూశాను. ఒకటే బెజ్జం.

సరే. నా పక్కన నడిచింది శీను కాదు. మరి ఎవరు?

తోటలో ఉండే ఏదో ఒకటి అనుకుంటే నాకు హాయి. భయపడి ఊరుకోవచ్చు. కానీ ఆ గొంతు వాడిదే. బావా అన్న పిలుపు వాడిదే. వాడే అయితే... అక్కడే నాకు అడ్డం పడుతుంది. వాడే అయితే, చేను చూస్తానంటే వద్దన్నాడు. వెనక్కి తిరిగితే ఏం లేదన్నాడు. వాడు పడి ఉన్న చోటు నుంచి నన్ను దూరంగా తీసుకుపోయాడు. అంటే నేను వాణ్ణి చూడకూడదనే కదా. లేకపోతే పొగలో నా ఎదురుగా నిలబడి, చూడు బావా నేను దగ్గడం లేదు, ఇకనైనా తెలుసుకో అని చెప్పాడా? రెండూ వాడే చేశాడు. ఏది నిజంగా వాడు కోరుకున్నదో నాకు తెలియదు. ఇదంతా వాడికి నేను చెప్పలేదు. పద్మకూ చెప్పలేదు.

ఈ చలికాలం కూడా వెళ్లాను. శీను బాగానే ఉన్నాడు. మిరప మానేసి శనగ వేశాడు. తోటలోకి పోదామని వాడూ అనలేదు, నేనూ అనలేదు. కోటేశే కల్లు ఇంటికి తెచ్చి ఇచ్చాడు. వసారాలో మంచం మీద కూర్చున్నాం. పద్మ గడప దగ్గర చేటలో బియ్యం ఏరుతోంది. కబుర్లు చెప్పుకున్నాం, మునుపటంత కాకపోయినా నవ్వాడు కూడా.

"బావా" అన్నాడు, ముంతలోకి చూస్తూ. "ఆ రోజు నువ్వు పాక దగ్గరే ఉండిపోయి ఉంటే..."

ఆగాడు.

చేటలో బియ్యం చప్పుడు కూడా ఆగింది. పద్మ తల ఎత్తలేదు. నేను ఎదురుచూశాను. బతికేవాణ్ణి కాదు అంటాడా... బాగుండేది అంటాడా. ఆ ఒక్క మాట పూర్తి చేస్తే, నా పక్కన నడిచింది ఏమిటో నాకు సగమైనా తెలిసేది.

"ఏం లేదులే బావా. తాగు" అన్నాడు.

తాగాను.